అసలు పోకముందే నకలు

కళాశాలలో ప్రవేశం కోరి వచ్చే ప్రతి విద్యార్థి చేతిలోను ఒక సంచి ఉంటుంది. అందులో అసలు పత్రాలతో పాటు ఒక్కొక్కదానికి రెండేసి నకళ్ళుంటాయి. పదవ తరగతి మార్కుల పత్రం పోతే బ్రతుకే పోయినట్లు మన తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం నుండే ఈ జాగ్రత్త పుట్టింది. 'అసలు', 'నకలు' అనే ఈ రెండు మాటలను తెలుగువారు ఉర్దూ నుండి గ్రహించి తమ సొంతం చేసుకొన్నారు. రెండు భాషలవారమూ కలిసి చదువుకొనే ఈ కళాశాలలో వాటి అర్థం ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. అయినను, ఈ సంచిక యావత్తు ఏ యంత్రంలో రూపుదిద్దుకొంటున్నదో ఆ కంప్యూటరుకు మాత్రం ఒక్క నకలైనా లేదు. ఈ విషయమై మా అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రులకు, కమిటీ పెద్దలకు విన్నవించదలచాము.

ఊరక భయపెట్టుటకు మేమిది వ్రాయుట లేదు. గత సంచిక అచ్చుకు వెళ్ళుటకు పక్షం దినాల ముందు, పత్రిక గదిలోని కంప్యూటరు ఒక ఉదయం తెరుచుకొనలేదు. లోపలి హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమని కాసేపు చప్పుడు చేసి ఊరుకొన్నది. మాలో ఒకరు వ్యాసాలను ఎప్పటికప్పుడు పెన్‌డ్రైవులో దాచి ఉంచినందున మొదట మేమెవ్వరమూ కంగారుపడలేదు. కొత్త డిస్కు వేయించి, విండోస్ ఎక్కించి, ఆ పెన్‌డ్రైవు తెరచి చూచాము. తెలుగు వ్యాసాలు ఉండవలసిన చోట రోమను అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు బారులు తీరి కనిపించాయి. ఉర్దూ విభాగపు ఫైళ్ళు అసలు తెరుచుకొననే లేదు.

కారణం తరువాత తెలిసింది. మన అచ్చుపనిలో నేటికీ వాడుతున్న పాత తెలుగు ఫాంట్లు యూనికోడు పద్ధతికి చెందినవి కావు. అవి రోమను అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చి పెట్టినవి. ఆ ఫాంటు యంత్రంలో ఉన్నంతవరకు అది తెలుగు. లేనినాడు అర్థంలేని గుర్తుల గుంపు. ఉర్దూ సంగతి మరింత సున్నితం. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్ వచ్చేవరకు ఉర్దూ పత్రికలు చాలావరకు కాతిబుల చేతివ్రాతతోనే వెలువడేవి. ఆ లిపిని కంప్యూటరులో కూర్చే ప్రోగ్రాము తన ఫైళ్ళను తన పద్ధతిలో దాచుకొంటుంది. ఆ ప్రోగ్రాము లేనిదే ఆ ఫైలు మూతవేసిన పెట్టె వంటిది. దాని సి.డి. ఏ బీరువాలో ఉన్నదో, దానికి తాళంగా గుచ్చవలసిన డాంగిల్ ఎవరి దగ్గర ఉన్నదో వెదకుటకే మూడు దినాలు గడిచాయి. పాత ప్రింటరుకు తగిన డ్రైవరు దొరకుటకు మరి రెండు దినాలు. చివరి సవరణలు ఎలాగూ పాత డిస్కుతోనే పోయాయి.

వ్యవధి చాలక రెండు ఉర్దూ గజళ్ళను, ఒక తెలుగు కథానికను ఆ సంచికలో చేర్చలేకపోయాము. ఆ ముగ్గురు రచయితలూ చివరి సంవత్సరం విద్యార్థులు. వారి పేరు అచ్చులో చూచుకొనుటకు ఈ కళాశాలలో వారికి మరొక సంచిక లేదు. ఈ మాట మాకు నేటికీ ముల్లువలె గుచ్చుకొంటున్నది.

ఫైళ్ళ నకలు వేరు, డిస్కు నకలు వేరు అని ఆనాడు మాకు బోధపడింది. మొదటిది ఇంట్లోని సామానును మూటకట్టి పక్కింట పెట్టుట. ఇల్లు కూలితే సామాను మిగులుతుంది, కాని గోడలు, పొయ్యి, తాళాలు మళ్ళీ కట్టుకోవాలి. రెండవదానిని డిస్క్ ఇమేజ్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, ఫాంట్లు, డ్రైవర్లు, మనం ఏళ్ళ తరబడి చేసుకొన్న చిన్న చిన్న అమరికలు, చివరకు యంత్రం తెరుచుకొనుటకు తోడ్పడే బూట్ సమాచారం, అన్నీ ఉన్నవి ఉన్నట్లుగా ఇమేజిలో నిలుస్తాయి. దానిని కొత్త డిస్కుపై తిరిగి పరచితే, పోయిన యంత్రం పోయిననాటి ముఖంతోనే లేచి కూర్చుంటుంది. పనికి పట్టేది దినాలు కాదు, గంటలు.

ఇది కొత్త విద్యయేమీ కాదు. 1995లో న్యూజిలాండులో మర్రే హాజర్డ్ 'ఘోస్ట్' అనే ప్రోగ్రామును రూపొందించాడు. 1998లో సిమాంటెక్ సంస్థ దానిని కొన్నది. కంప్యూటరు ల్యాబులలో 'ఘోస్ట్ చేయడం' అనే మాట ఎంతగా స్థిరపడిందంటే, 2013లో నార్టన్ ఘోస్ట్ అమ్మకం నిలిచిపోయిన తరువాత కూడా వేరే ప్రోగ్రాముతో పని చేస్తూ అదే మాట అనేవారున్నారు. నేడు మన వంటి కళాశాలకు తగినది 'క్లోన్‌జిల్లా' అని మా అభిప్రాయం. తైవాన్‌లోని జాతీయ ఉన్నత గణన కేంద్రంలో పుట్టిన ఈ ప్రోగ్రాము ఉచితం. పెన్‌డ్రైవు నుండి కంప్యూటరును తెరచి దీనిని నడుపుతారు. కనుక లోపలి విండోస్ ఆ సమయాన నిద్రలోనే ఉంటుంది. డిస్కులో వాడిన భాగాన్ని మాత్రమే చదివి, కుదించి, బయటి డిస్కులో దాస్తుంది. దీని తెర అందమైనది కాదు. నల్లని తెర, నీలిపెట్టెలు, ఇంగ్లీషు ప్రశ్నలు. మౌసుకు అలవాటుపడిన చేతికి మొదట జంకు కలుగుతుంది.

ఆ జంకు కొంత మంచిదే. ఇమేజిని తిరిగి వేసేటప్పుడు గమ్యపు డిస్కులోని సమస్తమూ చెరిగిపోతుంది. తప్పు డిస్కును ఎంచుకొంటే, కాపాడుటకు వచ్చినవాడే కొల్లగొట్టినవాడవుతాడు. అందుకే ఆ ప్రోగ్రాము రెండు మారులు అడిగి గాని ముందుకు పోదు. రెండు మారులూ చదవకుండానే 'వై' నొక్కేవారిని మేము చూచాము. కొత్త డిస్కు పాతదానికంటె చిన్నదైతే సాధారణంగా పని సాగదు. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం ఉన్నట్లయితే దాని రికవరీ కీని ముందే కాగితంపై వ్రాసి దాచుకోవాలి. చెడుటకు సిద్ధంగా ఉన్న డిస్కును ఇమేజి తీయుటకు కూర్చున్నా ఫలం తక్కువ. యంత్రం ఆరోగ్యంగా ఉన్ననాడే ఈ పని జరగాలి.

మాకు అన్నిటికంటె ముఖ్యమని తోచిన సంగతి మరొకటి. తిరిగి వేసి చూడని నకలు నకలే కాదు. 1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో చిత్రపు ఫైళ్ళు వరుసగా చెరిగిపోసాగాయి. బ్యాకప్ ఉన్నది గదా అని తెరచి చూస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచేయుట లేదని తేలింది. పసిబిడ్డ తల్లియైన గేలిన్ సస్మాన్ ఇంటినుండి పని చేసుకొనుటకు ఒక ప్రతిని ఇంట ఉంచుకొన్నది. చివరకు చిత్రాన్ని కాపాడినది ఆ ప్రతియే. అంతటి సంస్థకే ఆ గతి పట్టినప్పుడు మన పత్రిక గది ఏపాటి?

మన పూర్వులు ఈ విషయంలో మనకంటె జాగరూకులు. అరబీ, ఫారసీ గ్రంథాలను నకలు వ్రాసిన లేఖకులు పని అక్కడితో ముగిసిందనుకొనేవారు కారు. వ్రాసినదానిని మూలంతో పోల్చి చదివేవారు. దానిని 'ముఖాబలా' అన్నారు. కడపలో సి.పి. బ్రౌన్ పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు వ్రాయించి, ప్రతులను ఒకదానితో మరొకటి పోల్చి చూపించాడు. ఇమేజి తీసిన పిదప దానిని వేరొక డిస్కుపై వేసి, యంత్రాన్ని తెరచి, ఒక తెలుగు పుటను, ఒక ఉర్దూ పుటను అచ్చు తీసి చూచుకొనుట మన కాలపు ముఖాబలా.

ఇంటర్నెట్‌లో దాచుకొంటే చాలదా అని కొందరు మిత్రులు అంటున్నారు. వ్యాసాలకు అది చాలా మంచిది. దినదినమూ మారే ఫైళ్ళకు అదే తగినది కూడా. ఇమేజి దానికి బదులు కాదు. కాని ఫాంటును, డాంగిలు డ్రైవరును, ప్రింటరు అమరికను అది తిరిగి ఇవ్వదు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పాత ప్రోగ్రాముల కోసం పాత విండోస్‌నే నడుపుతున్న యంత్రాలకు ప్రమాదం ఎక్కువ. వాటిని మళ్ళీ మొదటినుండి అమర్చుట నానాటికీ కష్టమవుతుంది.

నకలు దాచిన డిస్కును కంప్యూటరుకు తగిలించియే ఉంచుట కూడా తప్పు. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము అనేక దేశాలలో ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. తగిలించి ఉన్న డిస్కును అటువంటి ప్రోగ్రాము విడిచిపెట్టదు. ఒకే గదిలో అసలును, నకలును ఉంచుట మరొక అవివేకం. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు పాతబస్తీలో ఇళ్ళలోకి నీరు చేరినప్పుడు కింది అంతస్తులోని వస్తువులకు పట్టిన గతిని మనలో పలువురు కళ్ళారా చూచారు.

కమిటీ పెద్దలను మేము కోరేది కొండంత కాదు. బయటి డిస్కులు రెండు. ఒకటి గ్రంథాలయపు పై అంతస్తు బీరువాలో, రెండవది ప్రిన్సిపాలుగారి గదిలో, తాళం వేసి. ఇమేజిలో విద్యార్థుల వివరాలు కూడా చేరుతాయి గనుక తాళం తప్పనిసరి. ప్రతి టర్ము చివర ఒక పూట, ఇద్దరు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు కూర్చొని ఇమేజి తీసి, తేదీని డిస్కుపై రెండు భాషలలోను వ్రాసి పెట్టాలి. వేసి చూచుటకు కొత్త కంప్యూటరు అక్కరలేదు. ల్యాబు మూలన దుమ్ముపట్టి ఉన్న యంత్రం పనిచేస్తున్నదని మేము గత వారమే పరీక్షించాము. దానికి కీబోర్డు ఒక్కటే లేదు.