తట్ట మోసిన బాల్యము

1892వ సంవత్సరమున విజయనగరమునందు "కన్యాశుల్కము" తొలిసారి ప్రదర్శింపబడినది. ఆ యేటనే ఆ సీమలోని కోడూరువద్ద మాంగనీసు త్రవ్వకము మొదలైనది. భారతదేశమున మాంగనీసు గనిపనికి అదియే నాంది. మొదటి సంగతి తెలుగు చదివిన ప్రతి విద్యార్థికిని తెలియును. రెండవది ఆ సీమలో పాఠములు చెప్పు ఉపాధ్యాయులలోనైనను ఎందరెరుగుదురో!

విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములకు ఆనందగజపతి మహారాజు పట్టిక వ్రాయించిన సంగతిని గురజాడవారు 1897 నాటి పీఠికలో తెలిపిరి. మొత్తము 1,034. అందు అయిదేండ్లవారు 99 మంది. మూడేండ్లవారు 36 మంది. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ అంకెలకు చలింపని హృదయముండదు. అమ్ముడుపోయిన బాలికకొరకు సాహిత్యము మేల్కొన్నది. తట్ట నెత్తికెత్తుకొన్న పిల్లకొరకు అంత త్వరగా మేల్కొనలేదు.

ఆనాటి మన గనులలో కూలి ఒక్కనిది కాదు, కుటుంబమునది. తండ్రి గునపము పట్టును. తల్లి తట్ట మోయును. బిడ్డలు వెంట నడతురు. 1881 నాటి ఫ్యాక్టరీ చట్టము ఏడేండ్లు నిండని వారిని పనిలో పెట్టరాదనెను. నిండినచో దినమునకు తొమ్మిది గంటలు చేయింపవచ్చునట! (బొంబాయి మిల్లుల పోటీకి జంకిన లాంకషైరు యజమానుల ఒత్తిడియు ఆ చట్టము వెనుక కలదు; అది దయ యొక్కటియే కాదు.) గనులకు తొలి చట్టము 1901లో వచ్చెను. పదుమూడేండ్లలోపు పిల్లలను గనులలో పెట్టరాదను నిషేధము 1923 చట్టముతో గాని రాలేదు. నిషేధింపవలసి వచ్చినదన్నచో, అది జరుగుచుండెననియే గదా! కోడూరున తొలి గునపము పడిన ముప్పదియొక్క యేండ్లకు ఆ మాట వినబడినది.

పిల్లల కూలి లేనిదే పేదయింట పొయ్యి రాజదని కొందరందురు. కూతు నమ్ముకొన్న తండ్రియు ఆ మాటయే చెప్పియుండును. బిడ్డ సంపాదన లెక్కలో చేరినకొలది తండ్రికి నిండుకూలి ఇయ్యవలసిన అగత్యము యజమానికి తగ్గునన్న సంగతి ఈ వాదములో మరుగుపడుచున్నది.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు బడి హక్కనినది. 2016 సవరణ పదునాలుగేండ్లలోపు వారిచే పని చేయింపరాదనుచునే, బడివేళలు ముగిసినపిదప ఇంటివారి వృత్తిలో సాయపడవచ్చునని సందు విడిచినది. ఆ సందు చిన్నది కాదు. శ్రీకాకుళపు పల్లెలనుండి పొట్టచేతపట్టుకొని దూరనగరముల కట్టడపు పనులకు పోవు కుటుంబములలో ఎవరి పని ఎక్కడ ముగియునో, బిడ్డది ఎక్కడ మొదలగునో ఏ తనిఖీ అధికారి తేల్చగలడు?

"కన్యాశుల్కము" పాఠము చెప్పునాడు 1,034 అను అంకెను నల్లబల్లపై వ్రాయు ఉపాధ్యాయుడు, కోతలైన పిమ్మట తరగతికి రాని పిల్లల అంకెను దాని ప్రక్కనే వ్రాయవచ్చును. హాజరుపట్టీ ఆయన బల్లపైననే యున్నది.