కోడింగ్ రాకున్నా... యాప్ మీదే!

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అలాంటి సరుకు అమ్మే చిన్న వ్యాపారికి పెద్ద తలనొప్పి ఆర్డర్ల లెక్క. ఏ డిజైను, ఎంత బయానా, ఎప్పటికి ఇవ్వాలి... ఖాతా పుస్తకంలో ఒక్క పేజీ తారుమారైతే మాట పోతుంది!

కోడ్ రాయనక్కర్లేకుండా యాప్ చేసుకునే సాధనాలు ఇక్కడే అక్కరకొస్తాయి. చెన్నై సంస్థ జోహో 2006లోనే ‘క్రియేటర్’ను తెచ్చింది. గూగుల్ 2020 జనవరిలో ‘యాప్‌షీట్’ను కొనుక్కుంది. పట్టికలో గడులు సిద్ధం చేసుకుంటే చాలు, ఫోన్లో ఫారం తయారవుతుంది. మగ్గం దగ్గర ‘పూర్తయింది’ అని నొక్కితే దుకాణంలో తెలిసిపోతుంది.

అయితే ఇది అద్దె ఇల్లు లాంటిది. గూగుల్‌దే మరో సాధనం ‘యాప్ మేకర్’ 2021 జనవరి 19న మూతపడింది. దాంతో చేసుకున్న యాప్‌లన్నీ ఆగిపోయాయి. అందుకే వారానికోసారి పట్టికను వేరేచోట దాచుకోవాలి. యాప్ ఎవరు తయారుచేసినా ఖాతా, పాస్‌వర్డ్ యజమాని పేరునే ఉండాలి. వాడే మనుషులు పెరిగితే నెలసరి రుసుమూ పెరగొచ్చు, ముందే లెక్క వేసుకోవాలి. మొదటి నెల పాత ఖాతా పుస్తకాన్నీ పక్కనే ఉంచుకోండి. రెండు లెక్కలూ కలిస్తే అప్పుడు మూసేయొచ్చు!