పందెం ఊబి.. అప్పు తీరిస్తే ఆగదు

గుట్టు విప్పితేనే స్వయం సహాయానికి ఫలితం

గచ్చిబౌలి: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించగా 22న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు. ఆట నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఆడేవారికి మాత్రం శిక్ష లేదు. వారిని కేంద్రం బాధితులుగానే పరిగణించింది. 45 కోట్ల మంది ఈ ఆటల వలలో చిక్కి ఏటా రూ.20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని బిల్లు సమయంలో ప్రభుత్వ వర్గాలు అంచనా వేశాయి. బాధితుడని గుర్తించడం వరకు బాగానే ఉంది. ఆ బాధితుడు ఆట మానేదెలా అన్న ప్రశ్నకు సమాధానం చట్టంలో దొరకదు.

తెలంగాణకు ఈ నిషేధం కొత్త కాదు. 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని రాష్ట్రం 2017లోనే సవరించి ఆన్‌లైన్ రమ్మీ సహా పందెం కాసే ఆటలను నేరం పరిధిలోకి తెచ్చింది. అయినా ఫోన్‌లో లొకేషన్ మార్చి ఆడినవారు కొందరైతే, టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే విదేశీ యాప్‌ల లింకులు పట్టుకున్నవారు మరికొందరు. 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారానికి సంబంధించి సినీ, సామాజిక మాధ్యమాలకు చెందిన 25 మందిపై కేసు నమోదు చేయడం, ఆ వెంటనే ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించడం విదితమే. ఒక యాప్ మూతపడిన రోజునే మరొక పేరుతో ఇంకొకటి ఫోన్లలోకి చేరుతున్న తరుణంలో మానాలనుకున్న వ్యక్తి తనకు తానుగా ఏం చేసుకోగలడన్నదే ఇప్పుడు చర్చించవలసిన విషయం.

హాస్టల్ గదిలో ఒంటరి ఆట

సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ కొలువైన గచ్చిబౌలిలోనే ఈ ప్రశ్నకు పదునెక్కువ. ఇందిరానగర్, అంజయ్యనగర్, టీఎన్జీవోస్ కాలనీ వీధుల్లో వరుసగా హాస్టళ్లు. వాటిలో ఉండేది ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన యువత. నెల మొదట్లో జీతం ఖాతాలో పడుతుంది. ఆ జీతాన్ని చూసి బ్యాంకులు క్రెడిట్ కార్డులిస్తాయి, యాప్‌లు నిమిషాల్లో అప్పులిస్తాయి. ఇంట్లో పెద్దలు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. ఏం చేస్తున్నావని అడిగేవారు పక్కన లేరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మాట అలా ఉంచితే, వారికి భోజనం చేరవేసే డెలివరీ యువకుల నుంచి క్యాబ్ డ్రైవర్లు, కాపలాదారుల వరకు అందరి చేతిలోనూ అదే ఫోన్, అదే యూపీఐ.

జూదం తెలుగువారికి తెలియనిది కాదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు వెలుస్తాయి. భోగి, సంక్రాంతి, కనుమ దాటితే బరి ఎత్తేస్తారు. ఎవరు ఎంత పోగొట్టుకున్నారో ఊరంతటికీ తెలుస్తుంది. ఫోన్‌లోని బరికి కనుమ లేదు, చూసేవారూ లేరు. పక్క మంచం మీద పడుకున్న మిత్రుడికి కూడా తెలియకుండా తెల్లవారేసరికి ఏడాది జీతం పోవచ్చు.

నైపుణ్యమనే భ్రమ ఇక్కడ మరో చిక్కు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి అన్నది ధర్మాసనం మాట. అర్ధ శతాబ్దం తరువాత ఆన్‌లైన్ సంస్థలు ఆ ఒక్క మాటనే జెండాగా ఎగరేశాయి. లెక్కల్లో దిట్టలైన ఇంజినీర్లకు అది ఇట్టే నచ్చింది. క్రికెట్ గణాంకాలు తెలుసు కనుక గెలుస్తామనుకున్నారు. ఓడినప్పుడు ఆటను కాక తమ లెక్కను అనుమానించారు. లెక్క సరిచేసి మళ్లీ దిగారు.

‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అన్న సామెత మంచి సలహాయే. జూదంలో మాత్రం అదే జబ్బు లక్షణం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన ప్రమాణ గ్రంథం జూదాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. అందులో పేర్కొన్న తొమ్మిది లక్షణాల్లో ఏడాది కాలంలో కనీసం నాలుగు కనిపిస్తే వ్యాధిగా నిర్ధారిస్తారు. పోయిన సొమ్మును రాబట్టుకోవడానికి మళ్లీ ఆడటం, ఎంత ఆడుతున్నదీ దాచడం, అప్పుల నుంచి గట్టెక్కించమని ఇతరుల మీద ఆధారపడటం ఆ తొమ్మిదిలోనివే.

తండ్రి కట్టిన అప్పు ఏమవుతుంది?

చివరి లక్షణం దగ్గర కొంత ఆగవలసి ఉంది. మన కుటుంబాల్లో జరిగేది దాదాపు ఒకే తీరు. కొడుకు అప్పుల సంగతి రికవరీ ఏజెంట్ ఫోన్‌తో ఇంట్లో బయటపడుతుంది. పరువు పోతుందన్న భయంతో తండ్రి ఎకరమో అరెకరమో అమ్ముతాడు, తల్లి నగలు బ్యాంకుకు చేరతాయి. అప్పు ఒక్కసారిగా తీరిపోతుంది. ఇక ఆడనని కొడుకు ఒట్టు వేస్తాడు. ఆ క్షణంలో ఆ ఒట్టు నిజమే. అయితే అప్పు తీరడంతో అతడి క్రెడిట్ కార్డు పరిమితి మళ్లీ ఖాళీ అవుతుంది, యాప్ మళ్లీ రుణం ఇస్తానంటుంది, ఎంత పోగొట్టుకున్నా ఎవరో ఒకరు కడతారన్న ధీమా మనసులో ఓ మూల మిగులుతుంది. పైగా నాన్న పొలం తిరిగి కొనివ్వాలన్న ఆరాటం. అంత డబ్బు త్వరగా రావాలంటే అతడికి తెలిసిన దారి ఒక్కటే. ప్రేమతో కట్టిన సొమ్ము ఇలా రెండో విడత ఆటకు పెట్టుబడిగా మారుతుంది.

ఈ సంగతిని అనుభవం మీద గ్రహించినవారు జూదరులే. 1957 సెప్టెంబరు 13న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో గ్యాంబ్లర్స్ అనానిమస్ తొలి సమావేశం జరిగింది. తాగుడు మానాలనుకునేవారి కోసం 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పన్నెండు మెట్ల పద్ధతినే వీరు స్వీకరించారు. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. ఆట మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఆట కోసం అప్పు చేశారా, పోయినది రాబట్టుకోవడానికి వెంటనే మళ్లీ ఆడారా, నిద్ర దూరమైందా, పని ఎగ్గొట్టారా వంటి ఇరవై ప్రశ్నలు తమకు తామే వేసుకోవాలి. ఏడింటికి అవునని జవాబు వస్తే సంగతి తీవ్రమైనట్లే.

అప్పుల విషయంలో ఈ సంఘం కఠినంగా ఉంటుంది. సభ్యుడి అప్పును ఎవరూ ఒక్కసారిగా తీర్చకూడదు. కొన్నాళ్లు సమావేశాలకు వచ్చాక పాత సభ్యులు కొందరు అతడితోనూ భార్యతోనూ కూర్చుంటారు. చిల్లర అప్పుతో సహా ప్రతిదీ కాగితం మీదికి వస్తుంది. ఇల్లు గడవడానికి ఎంత కావాలో ముందు తీసి పక్కనపెట్టి, మిగిలినదాన్ని అప్పులవారందరికీ కొద్దికొద్దిగా పంచుతారు. తీర్చడానికి ఏళ్లు పట్టినా సరే, తీర్చేది అతడే. డబ్బు మీద అజమాయిషీ మాత్రం ఇంట్లో మరొకరిది. మన తండ్రులకు ఇది నిర్దయగా తోచవచ్చు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అన్న ఊళ్లో మాటను కుటుంబం అన్వయించుకోవలసింది ఇక్కడే.

ఫలితాల మాట

సంఘంలో చేరినవారంతా మానేస్తారనుకుంటే పొరపాటు. స్కాట్లాండ్‌లో జరిగిన అధ్యయనం 1988లో వెలువడింది. గ్యాంబ్లర్స్ అనానిమస్‌కు కొత్తగా వచ్చినవారిలో ఏడాది పాటు పూర్తిగా ఆటకు దూరంగా ఉన్నది 8 శాతమేనని అది తేల్చింది. చాలామంది తొలి కొద్ది సమావేశాల తరువాత కనిపించకుండా పోయారు. మరోవైపు 2006లో ప్రచురితమైన అమెరికా సర్వేల విశ్లేషణ వేరే సంగతి చెప్పింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జూద వ్యాధికి లోనైనవారిలో మూడో వంతుకు పైగా గడచిన ఏడాదిలో ఏ లక్షణమూ లేకుండా ఉన్నారు. చికిత్సకో సమావేశానికో వెళ్లినవారు పది శాతం అటూ ఇటూ మాత్రమే. ఎక్కువమంది తమంతట తామే బయటపడ్డారన్నమాట.

అలాగని ఒంటరిగా పుస్తకం చదువుకుంటే చాలునా? కెనడాలోని కాల్గరీలో డేవిడ్ హాడ్జిన్స్ బృందం ఇదే పరీక్షించింది. కొందరికి మార్గదర్శక పుస్తకం మాత్రమే పంపారు. మరికొందరికి పుస్తకంతో పాటు ఒకసారి ఫోన్‌లో మాట్లాడారు. 2001లో వచ్చిన ఫలితాల్లో ఫోన్‌లో మాట్లాడినవారే మెరుగ్గా ఉన్నారు. ఒక్క సంభాషణకు అంత బలం ఉందంటే ఇక్కడి హాస్టల్ గదులకు అది చిన్న వార్త కాదు.

తెలుగునాట స్వయం సహాయం అనగానే గుర్తుకొచ్చేది మహిళల పొదుపు సంఘాలు. వాటి వ్యాప్తికి ఊపిరి పోసింది నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1990ల ఆరంభంలో ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. సారా దుకాణం కంటికి కనిపించింది, తాగి వచ్చిన భర్త కనిపించాడు కనుక ఆ మహిళలు ఒక్కటై నిలబడగలిగారు. బెట్టింగ్‌కు దుకాణం లేదు, నోటికి వాసన లేదు. అందువల్ల ఇక్కడ గుట్టు విప్పే పని ఆడేవాడే చేయాలి. కష్టం అక్కడే ఉంది.

జీతం పడే రోజే కీలకం

మొదటి పని లెక్క తీయడం. బ్యాంకు నుంచి ఏడాది స్టేట్‌మెంట్ తీసుకుని యాప్‌లకు వెళ్లిన సొమ్ము, తిరిగి వచ్చిన సొమ్ము కూడాలి. గెలిచిన రాత్రి గుర్తుంటుంది, ఓడిన రాత్రులు ఉండవు. కాగితం మాత్రం రెండూ చూపుతుంది. ఏ పేరు మీద ఎన్ని అప్పులున్నాయో తెలియనివారు రుణ సమాచార సంస్థల నుంచి నివేదిక తీసుకోవచ్చు. ఆర్‌బీఐ ఆదేశాల మేరకు ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఆ కాగితాలను నమ్మకమైన ఒక్కరికైనా చూపాలి. అన్న కావచ్చు, భార్య కావచ్చు, గదిలో మిత్రుడు కావచ్చు.

తరువాతిది డబ్బుకు, చేతికి మధ్య దూరం పెంచడం. జీతం పడిన రోజే అద్దె, భోజనం ఖర్చులు పోను మిగతాది ఇంట్లో మరొకరి ఖాతాకు వెళ్లేలా ముందే బ్యాంకుకు ఆదేశం ఇవ్వవచ్చు. క్రెడిట్ కార్డు రద్దు చేసుకోవాలి, లేదా పరిమితి తగ్గించుకోవాలి. యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించే వీలు చాలా బ్యాంకుల యాప్‌లలో ఉంది. జూదం సైట్లను తెరవనివ్వని బెట్‌బ్లాకర్ వంటి ఉచిత యాప్‌లున్నాయి. పాస్‌వర్డ్ మరొకరి వద్ద ఉంటే మేలు. టెలిగ్రామ్‌లో టిప్పులిచ్చే గ్రూపుల నుంచి బయటికి రావడం వీటన్నిటికంటే ముందు జరగాలి. మ్యాచ్ జరిగే సాయంత్రం గదిలో ఒంటరిగా ఉండకపోవడం కూడా వైద్యమే. ఆడాలన్న తహతహ ఎంత తీవ్రంగా వచ్చినా కొంతసేపు గడిపితే దానంతట అదే తగ్గుతుంది.

రుణ యాప్‌ల వేధింపులు ఉంటే సంగతి వేరు. 2020 డిసెంబరులో ఈ వేధింపులు తాళలేక తెలంగాణలో పలువురు ప్రాణాలు తీసుకోగా సైబరాబాద్, హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి నిర్వాహకులను అరెస్టు చేశారు. అధీకృత సంస్థలతో అనుసంధానమైన యాప్‌ల జాబితాను 2025 జులై నుంచి ఆర్‌బీఐ తన వెబ్‌సైట్‌లో ఉంచింది. జాబితాలో లేని యాప్ బెదిరిస్తే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

చావు ఆలోచనలు వస్తున్నా, నిద్ర పూర్తిగా పోయినా స్వయం సహాయంతో సరిపెట్టుకోకూడదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2014 నుంచి ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాల కోసం ‘షట్’ క్లినిక్ నడుపుతోంది. సంస్థకు తెలుస్తుందని, ఉద్యోగం పోతుందని చాలామంది జంకుతున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును రోగికి ఇచ్చింది. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఊళ్లో ఉన్న తండ్రి సైతం పొలం బేరం పెట్టడానికి ముందు ఆ నంబరుకు ఫోన్ చేసి తన కొడుకు సంగతి అడగవచ్చు.