బ్రీత్ ఎనలైజర్‌కి దొరకని మత్తు.. హైవేపై డ్రైవర్ కునుకు వెనక ఏముంది?

రాత్రి రెండు దాటింది. హైవే పక్కన పోలీసులు లారీ ఆపారు. కాగితాలు అడగలేదు. నీళ్లిచ్చి ముఖం కడుక్కోమన్నారు. ఆంధ్రప్రదేశ్ జాతీయ రహదారులపై చాలాచోట్ల కనిపించే సీన్ ఇది. దీనికి 'స్టాప్, వాష్ అండ్ గో' అని పేరు కూడా ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ ముఖం కడిగితే పోయే నిద్రేనా అది?

కాదనే అంటోంది సైన్స్. చన్నీళ్లు కొద్ది నిమిషాలు చురుకు తెప్పిస్తాయి, అంతే. ఆ తర్వాత కునుకు మళ్లీ వస్తుంది. అప్పటికి బండి మళ్లీ స్పీడులో ఉంటుంది.

17 గంటలు మెలకువగా ఉంటే..

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. మరి నిద్ర లేకపోతే? ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ఈ రెండింటినీ పోల్చి చూశారు. దాదాపు 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. 24 గంటలు దాటితే అది 100 మిల్లీగ్రాములతో సమానం.

ఇప్పుడు లెక్క వేయండి. పొద్దున్నే ఆరింటికి లేచి, పగలంతా లోడింగ్ దగ్గరే గడిపి, రాత్రి 11కి స్టీరింగ్ పట్టిన డ్రైవర్ బయల్దేరేటప్పటికే 17 గంటలుగా మెలకువగా ఉన్నాడు. చుక్క మందు ముట్టలేదు. మిషన్‌లో ఊదిస్తే సున్నా వస్తుంది. రియాక్షన్ మాత్రం తాగినవాడిలాగే ఉంటుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

మనల్ని నిద్రపుచ్చేవి ప్రధానంగా రెండు. ఒకటి, మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో పేరుకుపోయే అడినోసిన్ అనే పదార్థం. నిద్రపోతేనే అది తగ్గుతుంది. టీ, కాఫీలోని కెఫీన్ దాన్ని తగ్గించదు. అది పనిచేసే చోట అడ్డంగా కూర్చుంటుంది. కెఫీన్ ప్రభావం పోగానే బాకీ మొత్తం ఒక్కసారి మీద పడుతుంది.

రెండోది శరీరంలోని గడియారం. దీన్ని నడిపించే జన్యువుల గుట్టు విప్పినందుకే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది. తెల్లవారుజామున ఈ గడియారం మనిషిని గట్టిగా నిద్రలోకి లాగుతుంది. రాత్రి డ్యూటీలు ఎన్నేళ్లు చేసినా చాలామందికి ఇది పూర్తిగా మారదు. అందుకే 2 నుంచి 6 గంటల మధ్య రోడ్డు అంత ప్రమాదం. ఈ రెండూ కలిస్తే వచ్చేదే మైక్రోస్లీప్. కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లు ఆగిపోతుంది. 80 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లంటే బండి దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపకుండానే వెళ్లినట్టు.

గురకను తేలిగ్గా తీసుకుంటే..

కొందరు 8 గంటలు పడుకున్నా పగలు తూగుతూనే ఉంటారు. దానికి కారణం స్లీప్ అప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు శ్వాస ఆగుతుంది. ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. శ్వాస ఇలా ఆగడం, బాగా తగ్గడం గంటకు 30 సార్లు, ఆపైన ఉంటే తీవ్రమైన సమస్య కిందే లెక్క. పొద్దున్న లేచేసరికి మనిషికి ఇవేవీ గుర్తుండవు.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనకూ దగ్గరైన బప్పి లహరి 2022లో చనిపోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఇదే. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో రైలు పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. డ్రైవర్ నిద్రలోకి జారుకున్నాడని, అతనికి అప్పటిదాకా బయటపడని స్లీప్ అప్నియా ఉందని దర్యాప్తులో తేలింది. అంతకు కొద్దిరోజుల ముందే అతని షిఫ్ట్ కూడా మారింది.

మన దగ్గర ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ మెడికల్ సర్టిఫికెట్ కోసం ప్రధానంగా చూసేది కంటిచూపు, వినికిడి. నువ్వు గురక పెడతావా, పగలు తూగుతావా అన్నది ఎవరూ పట్టించుకోరు. చెప్తే డ్యూటీ పోతుందేమో అనుకునే డ్రైవర్ తనంతట తాను నోరు విప్పడు.

చట్టం ఉంది.. నిద్రే లేదు

డ్రైవర్ పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా పని గంటల గురించే. పైలట్లకు ఉన్నట్టే ట్రక్ డ్రైవర్లకూ డ్రైవింగ్ గంటలు ఖరారు చేయాలని, నిద్రను పసిగట్టే సెన్సార్లు పెట్టాలని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2021లో అన్నారు. కానీ ట్రిప్పుకింత అని డబ్బులు వచ్చేచోట నిద్రపోయిన ప్రతి గంటా నష్టంగానే కనిపిస్తుంది. లోడు టైముకి చేరాలన్న ఒత్తిడి ఓనర్‌ది, పార్టీది. కునుకు తీస్తే తప్పు మాత్రం డ్రైవర్‌ది. ఈ లెక్క మారనంత కాలం హైవే మీద ఎన్ని మగ్గుల నీళ్లు పోసినా ఉపయోగం అంతంతే.

ఇప్పటికి ఏం చేయొచ్చు?

* నిద్ర ముంచుకొస్తే కిటికీ తెరవడం, పాటల సౌండ్ పెంచడం పనిచేయవు. బండి సేఫ్‌గా పక్కకు ఆపి 15-20 నిమిషాలు పడుకోవాలి. పడుకునే ముందు టీ తాగితే, లేచేసరికి కెఫీన్ పనిచేయడం మొదలుపెడుతుంది. లేవగానే స్టీరింగ్ పట్టకుండా కాసేపు ఆగాలి.
* ఇది గండం గట్టెక్కడానికే. రాత్రి నిద్రకు బదులు కాదు.
* గట్టి గురక, మధ్యలో శ్వాస ఆగడం, పొద్దున్నే తలనొప్పి, పగలు తూగు ఉంటే డాక్టర్‌కి చూపించాలి. స్లీప్ స్టడీ చేస్తే విషయం తేలుతుంది. ముక్కు దగ్గర మాస్క్‌తో గాలి పంపే సీప్యాప్ మిషన్, బరువు తగ్గడం లాంటి మార్గాలున్నాయి.
* శ్వాస ఆగడాన్ని ముందు గమనించేది పక్కన పడుకున్నవాళ్లే. నవ్వి ఊరుకోకుండా వాళ్లే చెప్పాలి.
* రాత్రి బస్సెక్కేటప్పుడు సీటు నంబర్‌తో పాటు ఇంకో మాట కూడా అడగండి. రెండో డ్రైవర్ ఉన్నాడా, ఆయన నిద్రపోయాడా?