‘ముందు ఇంగ్లీషు, తర్వాత తెలుగు’ తప్పుడు సలహా

ఆక్లండ్‌లో కొత్తగా దిగిన తెలుగు కుటుంబాలకు తరచూ అందే సలహా ఒకటుంది: “ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి. ముందు పిల్లలు బడిలో కుదురుకోవాలి. తెలుగుదేముంది, తర్వాతైనా వస్తుంది.” దానికి తోడు ఇంకో మాట: “కొత్త దేశానికొచ్చి పాత చరిత్రలెందుకు?” మేలు కోరే చెబుతారు. కానీ రెండూ తప్పే. చరిత్ర వద్దనుకోబట్టే మొదటి సలహాలోని ప్రమాదం కనిపించడం లేదు.

ఈ సలహా ఫలితమేమిటో న్యూజిలాండ్‌కు తెలుసు. 1867 నాటి నేటివ్ స్కూల్స్ చట్టంతో ఇక్కడి మూలవాసులైన మావోరీల ఊళ్లకు ఇంగ్లీషు చదువు వచ్చింది. బడిలో మావోరీ మాట్లాడి దెబ్బలు తిన్న పిల్లలు పెద్దయి, తమ బిడ్డలకు ఆ దెబ్బలు వద్దని, ఇంగ్లీషుతోనే బతుకుదెరువని నమ్మి, ఇంట్లో సొంత భాష మానేశారు. ఒక అంచనా ప్రకారం 1913లో మావోరీ బడిపిల్లల్లో 90 శాతం మందికి ఆ భాష వచ్చు. 1975 నాటికి 5 శాతం మందికే. ఆ భాషను నిలబెట్టుకోవడానికి ఎంత పాటుపడ్డారో చూడండి. 1972లోనే 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ పెట్టారు. 1982లో, పెద్దవాళ్లు పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడే కోహంగా రెయోలు మొదలయ్యాయి. 1987లో అధికార భాష హోదా వచ్చింది. ఆ పని నేటికీ పూర్తి కాలేదు.

మావోరీ ఈ నేల భాష, దాన్ని వలసపాలన అణచింది, మనం ఇష్టపడి వచ్చాం, పోలికేమిటంటారు. నిజమే. కానీ తెలుగు మాట్లాడినందుకు మన పిల్లల్ని ఇక్కడ ఎవరూ కొట్టడం లేదు. అయినా వదిలేస్తే ఆ తప్పు పూర్తిగా మనదే. రెండు రాష్ట్రాల్లో తెలుగు బతికే ఉందన్న ధీమా కూడా చెల్లదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసులో ఓడెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. గోదావరి ఒడ్డున తెలుగు క్షేమంగానే ఉంది. కానీ ఆ కూలీల వారసుల ఇళ్లలో చాలాచోట్ల ఫిజీ హిందీయే మిగిలింది. 1987 సైనిక తిరుగుబాట్ల తర్వాత ఫిజీ భారతీయులు వేలాదిగా న్యూజిలాండ్ చేరారు. వాళ్లనడిగితే ఈ కథ చెబుతారు.

ఇంగ్లీషును బడీ, ఆటస్థలమూ, టీవీ నేర్పుతాయి. దాని కోసం తల్లిదండ్రులు తెలుగు మానుకోనక్కర్లేదు. తాతయ్యతో ఫోన్లో మీ అబ్బాయి మాటలకు మీరు దుబాసీ కావలసిన రోజు రాకముందే, ఇంట్లో తెలుగులో మాట్లాడండి. ఇవాళే మొదలుపెట్టండి.