గుఱ్ఱం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు

పై సామెతను నేను ముప్ఫై నాలుగేళ్ళపాటు తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను. దాని తాత్పర్యం నాకు పూర్తిగా బోధపడింది మాత్రం ఉద్యోగ విరమణ తరువాత, మా ఇంటి ముందు ఒక పాత జర్మను కారు వచ్చి నిలిచిన నాడే.

మా అబ్బాయి హైదరాబాదులో ఉండగా 2021లో ఆ కారు కొన్నాడు. 2012 నాటి డీజిలు బండి. కొత్తలో దాని ధర నలభై లక్షలకు పైమాటే. వాడికి ఏడు లక్షలకు, అంటే ఒక చిన్న కొత్త కారు వెలకు, దొరికింది. అప్పటికే 1,48,000 కిలోమీటర్లు తిరిగి ఉన్నది. 2023లో వాడు ఉద్యోగం మీద కెనడా వెళుతూ కారును తెనాలిలో మా వాకిట నిలిపి, "అమ్మేయండి నాన్నగారూ" అన్నాడు. అమ్మజూపితే మూడు లక్షలకు మించి అడిగినవారు లేరు. ఇంతలో మా శ్రీమతికి మోకాలి శస్త్రచికిత్స జరిగింది. విజయవాడ ఆసుపత్రికి వెళ్ళి వచ్చేటప్పుడు ఆటోలోను, బస్సులోను ఆమె పడిన యాతన నేను చూశాను. ఈ కారు వెనుక సీటులో కాలు చాచుకొని వచ్చిన రోజున దారి పొడవునా నిద్రపోయింది. ఇక అమ్మే మాట మానుకున్నాను. పింఛను మీద బ్రతికే తెలుగు పండితుడికి విలాస వాహనమా అని నవ్వదలచిన మిత్రులు ఇక్కడే నవ్వుకొని ముందుకు సాగవలసిందిగా ప్రార్థన.

వయసుతో తరిగేది కారు వెల మాత్రమే. దాని దాణా తరగదు. మూడు లక్షలకు దిగజారిన బండికి కూడా విడిభాగాలు నలభై లక్షల బండి లెక్కనే వస్తాయి. పాత విలాస కార్లు కొని పశ్చాత్తాపపడేవారిలో అత్యధికులు ఈ ఒక్క సంగతి మరచినవారే. అయితే ఇటువంటి కారును సామాన్యుడు పోషించనే లేడన్న మాటను నేను అంగీకరించను. పోషించవచ్చు. వేళకు చేయవలసినది వేళకు చేయాలి, చేయనక్కరలేనిదానికి పైసా ఇవ్వకూడదు. ఈ రెంటికీ గల భేదం తెలుసుకోవడమే కష్టం.

నాకు అది తెలిసిన విధం చెబుతాను. మొదట అధీకృత సర్వీసు కేంద్రానికే తీసుకుపోయాను. చల్లని గదిలో కాఫీ ఇచ్చి, నాలుగు పుటల అంచనా చేతిలో పెట్టారు. మొత్తం 2,83,000 రూపాయలు! ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ ఎఱ్ఱ పెన్సిలు పట్టుకొని జవాబు పత్రం దిద్దినట్టు చదివాను. ఇంజను ఆయిలు పక్కనే ఇంజను లోపలి ప్రక్షాళన, బ్రేకు ఆయిలు పక్కనే సీట్ల తోలుకు మెఱుగు, గేరు ఆయిలు పక్కనే ఏసీ సుగంధ చికిత్స. ప్రాణావసరాలూ అలంకారాలూ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. పద్యంలో యతి తప్పడమూ చేతివ్రాత బాగుండకపోవడమూ ఒకే తప్పు అన్నట్టుగా ఉన్నది.

ఆ కాగితం పట్టుకొని ఆటోనగర్ వెళ్ళాను. ఆ తరహా కార్ల సర్వీసు కేంద్రంలోనే తొమ్మిదేళ్ళు పనిచేసి, బయటికి వచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకున్న ఒక యువకుడు ఉన్నాడు. స్కానరు పెట్టి చూశాడు, కారు కిందికి దూరి చూశాడు. "మాస్టారూ, ఇందులో సగం పనులు బండి అడగట్లేదండి" అన్నాడు. ఇద్దరం కూర్చుని అంచనాను మూడు భాగాలు చేశాము: ఇప్పుడే, ఆరు నెలల్లో, అక్కరలేదు. ఇప్పుడే చేయవలసినవి ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ఆయిలు, గేరు ఆయిలు, నాలుగు టైర్లు. అంతా కలిపి 87,000 అయింది. పింఛనుదారుకు అదీ తక్కువ మొత్తం కాదు, కానీ 2,83,000 కాదు.

టైర్ల మాట ప్రత్యేకంగా చెప్పాలి. చూడటానికి వాటి గాళ్ళు ఇంకా లోతుగానే ఉన్నాయి. ప్రతి టైరు పక్కనా నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి రెండంకెలు వారం, తరువాతి రెండు సంవత్సరం. మావాటి మీద 3115 అని ఉన్నది. అంటే 2015లో ముప్ఫై ఒకటో వారం నాటివి. అరిగిపోకపోయినా రబ్బరు ఎండి పగుళ్ళు బారింది. బ్రేకు ఆయిలూ అంతే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందువల్ల మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు వరుసగా బ్రేకు వేస్తే లోపల ఆవిరి పుట్టి, పెడలు మెత్తగా కిందికి పోతుంది. కారు కదలకుండా పందిరి కింద ఉన్నా ఆ తేమ చేరక మానదు. కాబట్టి నావలె ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు తిరిగేవారు కిలోమీటర్ల లెక్క చూసి ఊరుకోకూడదు, పంచాంగం చూడాలి. ఇంజను ఆయిలు ఏడాదికి ఒకసారి, బ్రేకు ఆయిలు రెండేళ్ళకు ఒకసారి, బండి తిరిగినా తిరగకపోయినా.

ఇక గేరు ఆయిలు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసిన ఆయిలు 'జీవితకాలం' పనిచేస్తుందని కొన్ని కార్ల సంస్థలు చెబుతూ వచ్చాయి. భాషోపాధ్యాయుణ్ణి కనుక అడుగుతున్నాను: ఎవరి జీవితకాలం? కారుదా, గ్యారంటీదా, మొదటి యజమాని మోజుదా? గేర్‌బాక్సులు తయారుచేసి అనేక కార్ల కంపెనీలకు ఇచ్చే జడ్.ఎఫ్. సంస్థ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు, ఆయిలు మార్చమని చెబుతున్నది. చేసినవాడి మాట వినాలా, అమ్మినవాడి మాట వినాలా? మా కారులో నుంచి తీసిన ఆయిలు కషాయంలా ఉన్నది. మార్చిన తరువాత గేరు పడేటప్పటి కుదుపు పోయింది.

పెట్టెల సంగతి ఒకటున్నది. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్ల వంటివాటిలో చాలా భాగం కార్ల సంస్థలు సొంతంగా చేసుకోవు. బాష్, మాలే, మన్, సాక్స్ వంటి తయారీదారుల నుంచి తీసుకుంటాయి. అదే తయారీదారు తన పేరుతో బజారులో అమ్మే వస్తువుకు, కారు ముద్ర ఉన్న పెట్టెలోని వస్తువుకు ధరలో చాలా తేడా. పెట్టెకు డబ్బు పెట్టనక్కరలేదని నా మతం. అలాగని ఊరూ పేరూ లేని చవక నకళ్ళ జోలికి పోవడమూ తప్పే. ఇంజను ఆయిలు విషయంలో మరీ జాగ్రత్త. డబ్బా మీద చిక్కదనపు అంకెలు చూస్తే చాలదు, మన కారు సంస్థ అనుమతించిన ప్రమాణం పేరు దాని మీద ఉన్నదో లేదో చూసుకోవాలి.

బయటి మెకానిక్కు వద్దకు పోవడమేదో దొంగతనమన్నట్టు మాట్లాడేవారికి ఒక సంగతి గుర్తు చేయాలి. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయడం లేదన్న ఫిర్యాదు మీద 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల సంస్థలకు కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా విధించింది. జరిమానాలు అప్పీళ్ళలో నలిగినా, లేవనెత్తిన ప్రశ్న మాత్రం నిలిచింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టలునే తెరిచింది. కొన్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకోవడం యజమాని హక్కు, ఎవరో పెట్టిన భిక్ష కాదు.

ఇంతవరకూ చదివి నన్ను మహా వివేకిగా భావించిన మిత్రులుంటే, ఇప్పుడు నా అవివేకం కూడా వినండి. ఆటోనగర్ అబ్బాయి తొలినాడే కూలెంటు వెళ్ళే ప్లాస్టిక్ గొట్టం ఒకటి చూపించాడు. అతుకు దగ్గర గులాబీ రంగు చారిక. "వేడికి పెళుసెక్కిందండి, ఇదీ మార్చేద్దాం" అన్నాడు. థర్మోస్టాట్‌తో కలిపి 9,000. అప్పటికే 87,000 ఇచ్చిన చేయి ముడుచుకుంది. "రెండో భాగంలో వేయి అబ్బాయీ, పింఛను పడనీ" అన్నాను. నాలుగు నెలలు గడిచాయి. మంగళగిరి దాటాక ఎఱ్ఱ దీపం వెలిగింది. పక్కన ఆపుదామనుకుంటూనే, టోల్ గేటు దాటుదామని మరో రెండు కిలోమీటర్లు నడిపాను. హెడ్ గాస్కెట్ పోయింది. బండిని లాగించుకుపోయిన ఖర్చుతో సహా 1,12,000. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. పైగా మండుటెండలో మా శ్రీమతి కట్టు కట్టిన మోకాలితో రోడ్డు పక్క గంటన్నర కూర్చున్నది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఈ 'షెడ్యూల్డ్ మెయింటెనెన్స్'కు తెలుగేమిటని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. 'నిర్వహణ' అంటే ఆఫీసు నడపడంలా ఉంటుంది. 'మరమ్మతు' చెడిన తరువాతి మాట. మన దేవాలయాల్లో ధూపదీప నైవేద్యాలు వేరు, జీర్ణోద్ధరణ వేరు. మొదటిది ఆగిన గుళ్ళకే రెండోది అవసరమవుతుంది. ఆ లెక్కన దీనిని 'నిత్యకైంకర్యం' అనవచ్చుననిపిస్తుంది. కారుకు కైంకర్యమేమిటని పెద్దలు కోప్పడితే, 'వేళాసేవ' అని నా రెండో ప్రతిపాదన. ఇంతకంటె మంచి మాట తోచినవారు తెలియజేయగలరు.

ఇటువంటి కారు కొనదలచిన కుర్రవాళ్ళు కొనుగోలు ధరలో ఐదో వంతు మొదటి ఏడాది సేవకు విడిగా దాచుకొని కొనాలి. అది లేకపోతే ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. కొన్న తరువాత ఒక పుస్తకం పెట్టుకోవాలి. నేను పాత హాజరుపట్టీనే గీతలు మార్చి వాడుతున్నాను. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వస్తువు తయారీదారు, ఖర్చు, తరువాతి గడువు. గైర్హాజరైన పనికి ఎఱ్ఱ సిరాతో సున్న చుడతాను. నిరుడు ఏడాది మొత్తానికి నాకైన ఖర్చు 41,300. నెలకు మూడున్నర వేలకు లోపు. ఆ సంవత్సరం ఎఱ్ఱ సున్నలు లేవు.

ఈ నెలలో బ్రేకు ఆయిలు గడువు వచ్చింది. కారు 1,71,000 దాటింది. ముందు చక్రాల బుష్‌లు చప్పుడు చేస్తున్నాయేమోనని నాకు అనుమానం, మా శ్రీమతికి మాత్రం ఏ చప్పుడూ వినిపించడం లేదట. సోమవారం పొద్దున్నే ఆటోనగర్ ప్రయాణం.