అతిథులు మారారు, ఒప్పందాలు నిలిచాయి

2024 జూన్ 9వ తేదీ సాయంకాలం రాష్ట్రపతి భవనం ముంగిట శ్రీ నరేంద్ర మోదీ మూడవ పర్యాయం ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేసినప్పుడు, ఇరుగుపొరుగు దేశాల నుండి, హిందూ మహాసముద్ర ద్వీపాల నుండి ఏడుగురు నాయకులు అతిథులుగా విచ్చేశారు. వారు బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, నేపాల్ ప్రధాని ప్రచండ, శ్రీలంక అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘే, మాల్దీవుల అధ్యక్షుడు మహమ్మద్ ముయిజ్జు, భూటాన్ ప్రధాని షెరింగ్ తోబ్గే, మారిషస్ ప్రధాని ప్రవింద్ జగన్నాథ్, సెషెల్స్ ఉపాధ్యక్షుడు అహ్మద్ అఫీఫ్. మళ్ళీ గెలిచిన ప్రధాని వారి ఎదుట తన ఆశయాన్ని వివరించారు. ఇరుగుపొరుగుకు ప్రథమ స్థానమిచ్చే విధానానికి కట్టుబడి వున్నామన్నారు. 2047 నాటికి అభివృద్ధి చెందిన దేశంగా రూపొందే కృషిలో వుంటూనే ఈ ప్రాంత శాంతి సౌభాగ్యాలకు పాటుపడతామన్నారు. రాకపోకల మార్గాలు, ప్రజల మధ్య సంబంధాలు విస్తరించాలని కోరారు.

ఆనాడు రాజధాని వర్గాల చర్చ అంతా పిలుపుల జాబితా చుట్టూ తిరిగింది. 2014లో సార్క్ దేశాధినేతలను పిలిచారు. పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ కూడా వచ్చారు. 2019లో ఆ స్థానం బంగాళాఖాత తీర దేశాల కూటమి అయిన బిమ్‌స్టెక్‌కు దక్కింది. నడుమ 2016లో ఉరీ సైనిక శిబిరంపై దాడి జరిగింది; ఆ ఏడాది ఇస్లామాబాద్‌లో జరుగవలసిన సార్క్ శిఖరాగ్ర సమావేశం ఆగిపోయింది. ఎవరికి పిలుపు అందింది, ఎవరికి అందలేదు అన్నది ఆసక్తికరమైన విషయమే. కాని వచ్చినవారు ఎంతకాలం పదవులలో నిలిచారన్నది అంతకన్న ముఖ్యమైనదని నా అభిప్రాయం.

నెల తిరిగిన కొద్ది దినాలకే, జులై 12న, ప్రచండ విశ్వాస పరీక్షలో ఓడిపోయారు. ఆగస్టు 5న షేక్ హసీనా ప్రజాగ్రహానికి తాళలేక ఢాకా విడిచి, గాజియాబాద్ వద్ద హిండన్ వైమానిక స్థావరంలో దిగారు. రెండు నెలలైనా నిండకముందే గౌరవ అతిథి శరణార్థిగా అదే రాజధాని పొలిమేరకు చేరారు. సెప్టెంబరులో విక్రమసింఘే, నవంబరులో జగన్నాథ్ ఎన్నికలలో పరాజితులయ్యారు. 2025 అక్టోబరు ఎన్నికలతో అఫీఫ్ కూడా పదవి వీడారు. ఏడాదిన్నర తిరగకుండానే ఏడుగురిలో ఐదుగురు మాజీలయ్యారు.

మన మిత్రులనుకొన్నవారు పోయినంత మాత్రాన అంతా పోలేదు. శ్రీలంకలో గెలిచిన అనుర కుమార దిసనాయకె పార్టీ 1987 నాటి భారత-శ్రీలంక ఒప్పందాన్ని తీవ్రంగా ఎదిరించినది. అయినప్పటికీ అధ్యక్షుడుగా ఆయన తొలి విదేశ పర్యటన 2024 డిసెంబరులో ఢిల్లీకే జరిగింది. భారత సైనిక సిబ్బంది వెళ్ళిపోవాలన్న నినాదంతో 2023లో గెలిచిన ముయిజ్జు, విదేశీ మారక ద్రవ్యానికి కటకట ఏర్పడినప్పుడు 2024 అక్టోబరులో ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి సదుపాయం పొందారు. ఇరుగుపొరుగును నడిపించేది నాయకుల ఆలింగనాలు కావు, అవసరాలు.

బంగ్లాదేశ్ సంగతి ఇంకా స్పష్టమైన పాఠం. హసీనా అనంతరం ఉభయ దేశాల మధ్య మాట కరుకెక్కింది. 2025లో భూమార్గ వర్తకంపై ఇరుపక్షాలూ ఆంక్షలు విధించుకొన్నాయి. ఆ కోపతాపాల మధ్య కూడా చెక్కు చెదరనిది సరిహద్దు ఒప్పందం. 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రహమాన్ సంతకాలు చేసిన ఆ ఒప్పందం నాలుగు దశాబ్దాలు మూలపడి వున్నది. మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 2013లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లును మోదీ ప్రభుత్వం స్వీకరించి 2015 మే నెలలో ఉభయ సభల ముందుంచింది. ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నూరవ రాజ్యాంగ సవరణ నెగ్గడం ప్రెస్ గ్యాలరీ నుండి చూచిన వారిలో నేనొకడిని. పరస్పరం ముఖం చూచుకోని పక్షాలు ఆనాడు ఒకే వైపు ఓటు వేశాయి. ఫలితంగా 162 భూఖండాల ప్రజలకు ఒక దేశమంటూ ఏర్పడింది. ఢాకాలో ఎవరు గద్దెనెక్కినా దానిని తిరగదోడలేదు.

జలాల విషయమూ అంతే. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, హసీనా సంతకాలు చేసిన గంగా జలాల ఒప్పందానికి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు అండ వున్నది. అందుచేతనే రెండు దేశాలలోనూ ప్రభుత్వాలు ఎన్ని మారినా అది నిలిచింది. 2011లో తీస్తా ఒప్పందం సంతకాల దాకా వచ్చి, మమతా బెనర్జీ అంగీకరించకపోవడంతో ఆగిపోయింది. ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం అన్న తగవు ఎటువంటిదో కృష్ణా తీరవాసులకు వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్రం కాదన్న నీటిని ప్రధాని పొరుగువానికి వాగ్దానం చేయలేడు.

మరొక నిదర్శనం చిన్నదే గాని చెప్పుకోదగినది. నేపాల్ జలవిద్యుత్తు 40 మెగావాట్లు భారత తంతుల మీదుగా బంగ్లాదేశ్‌కు చేరే త్రైపాక్షిక ఒప్పందం 2024 అక్టోబరు 3న కుదిరింది; అప్పటికి ప్రచండా పదవిలో లేరు, హసీనా లేరు. నవంబరు 15న విద్యుత్తు ప్రవహించింది.

ప్రాంతీయ సంస్థల చరిత్రనూ ఈ దృష్టితో చూడాలి. 1983 ఆగస్టులో ఢిల్లీలో దక్షిణాసియా విదేశాంగ మంత్రులు తొలిసారి సమావేశమై సహకార ప్రకటన చేసినప్పుడు మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. దాని నుండి పుట్టిన సార్క్ నేడు కాగితాలకే పరిమితమైనది. 1997లో వెలసిన బిమ్‌స్టెక్‌కు నియమావళి అమలులోకి రావడానికే 2024 మే నెల పట్టింది. స్వేచ్ఛా వాణిజ్యానికి 2004లో వేసిన చట్రం చట్రంగానే వున్నది. 2025 ఏప్రిల్‌లో బాంకాక్‌లో కుదిరిన సముద్ర రవాణా ఒప్పందం మాత్రం విశాఖ, కాకినాడ రేవులకు ఆశ గొలిపేది. ఒకప్పుడు మన కోస్తా కూలీలు ఓడలెక్కి వెళ్ళిన రంగం ఆ తీరంలోనే కదా వున్నది!

2024 ఎన్నికలలో భారతీయ జనతా పార్టీకి దక్కినవి 240 స్థానాలు. తెలుగుదేశం 16 మంది సభ్యులతో సహా మిత్రపక్షాల ఊతంతో ప్రభుత్వం ఏర్పడింది. ఇంట నలుగురిని కలుపుకొనిపోవడం దీనివల్ల తప్పనిసరి అయింది. ఇది విదేశాంగ నీతికి బలహీనత అనుకోనక్కరలేదు. గంగా ఒప్పందం గడువు 30 సంవత్సరాలు. 2026 డిసెంబరుతో ఆ గడువు తీరుతుంది. ప్రధాని వివరించిన ఆశయానికి అసలైన పరీక్ష అదే. పార్లమెంటునూ, బెంగాల్‌నూ విశ్వాసంలోకి తీసుకొని, ఢాకాలో అధికార పక్షంతోపాటు ప్రతిపక్షంతోనూ మాట్లాడి కుదుర్చుకొన్న ఒడంబడికే సంతకాలు చేసినవారు పదవులు వీడిన తరువాత కూడా నిలుస్తుంది.